నా పళ్లు చూపించి ఆడిన అబద్ధం

తొమ్మిదేండ్ల సంది ఒక అబద్ధాన్ని మోస్తున్న. ఎవరినీ కొట్టలే, ఎవరి సొమ్మూ తినలే. ఒక్క మాట అన్న, అంతే. ఆ మాట ఒక ఆడపిల్ల నోట్లె ఆరు పళ్లను ఆగం చేసింది. మీరెవరో నాకు తెల్వదు, నేనెవరో మీకు తెల్వదు. అందుకే మీకు చెప్పగలుగుతున్ననేమో.

మాది చివ్వెంల దిక్కు ఊరు. చిన్నప్పుడు తాగిన బోరు నీళ్లకు నా ముందరి పళ్ల మీద గోధుమరంగు చారలు పడ్డయి. డిగ్రీల ఉన్నప్పుడు మా మేనత్త నన్ను కోదాడ తోలుకపోయి ఒక డాక్టరమ్మకు చూపించింది. ఆమె ఒక్కో పన్ను మెల్లగ తట్టి చూసి, పన్ను గట్టిగానే ఉంది కదమ్మా, మచ్చ పైపైనే, అరగదీయడం దేనికి అన్నది. ఆ మచ్చ వరకే తీసి, పంటి రంగుల పల్చటి పూత పెట్టింది. రెండుసార్లు పోయిన, అయిపోయింది. అప్పటిసంది నోరు తెరిచి నవ్వుడు మొదలుపెట్టిన.

ఆ నవ్వు చూసే సూర్యాపేటల ఒక పళ్ల దవాఖానల నాకు కౌంటర్ కాడ కొలువిచ్చిండ్రు. మొదటి రోజే ఆ దవాఖాన డాక్టర్ సారు చెప్పిండు, ఎవరన్న అడిగితే పళ్లు మన దగ్గరనే చేయించుకున్ననని చెప్పుమని. తలూపిన. అది తప్పని ఆ రోజు తోచలేదా? తోచింది. కానీ ఎండల పనికి పోకుండ, ఫ్యాన్ కింద కూసొని చేసే కొలువు మా ఇంట్ల ఎవరికీ ఎన్నడూ దొరకలే. అది పోతదని భయపడ్డ.

సారుకు ఒకటే పద్ధతి. పన్ను మంచిగున్నా, చెడిపోయినా, అరగదీసి సన్నగ చేసి పైన తెల్ల క్యాప్ పెట్టుడే. చేయించుకున్నోళ్లల్ల కొందరు దవడ పట్టుకొని మళ్ల వచ్చేటోళ్లు. వాళ్ల పేర్లు రాసుకునేది నేనే. నాకు అన్నీ తెలుసు.

అప్పుడే మౌనిక వచ్చింది. పేరు మార్చి చెప్తున్న. నడిగూడెం పిల్ల. వాళ్ల నాయిన గొర్లు మేపుతడు. బీఎడ్ అయిపోయి ఒక ప్రైవేటు బడిల కొలువు దొరికింది, ఇంకో పది దినాలల్ల చేరాలె. నావసొంటి చారలే, ఇంకింత ముదురు. మాట్లాడితే చున్నీ కొస నోటికి అడ్డం పెట్టుకునేది. పిల్లలు నవ్వుతరేమోనని ఆమె భయం. అప్పటికే రెండు దవాఖానలు తిరిగింది, తలా ఒక మాట చెప్పిండ్రట. ఎవరిని నమ్మాల్నో తెల్వక, సారు గదిలకు పోకముందే కౌంటర్ మీదికి వంగి మెల్లగ నన్ను అడిగింది.

"అక్కా, నీ పండ్లు ఈడనే చేయించుకున్నవా?"

"ఈడనే."

"నొప్పి గిట్ల లేదా?"

"జర కూడ లేదు."

"నేను నీ సొంత చెల్లెననుకో. అప్పుడు గూడ ఈడనే చేయించుకొమ్మంటవా?"

ఆ ప్రశ్న కాడనన్న నేను ఆగాల్సుండె. కోదాడ అనే మాట నాలిక మీదికి వచ్చింది. లోపలి గదిల సారు గొంతు వినపడుతున్నది. నేను నవ్విన. పళ్లన్నీ కనపడేటట్టు నవ్విన.

"చేయించుకొమ్మనే అంటనే. సూడు, ఎట్లున్నయో."

ఆమె సారు గదిలకు పోయింది. ఆ పొద్దే ఆరు పళ్లు అరగదీసిండ్రు. ఆరూ గట్టి పళ్లే. మిషన్ చప్పుడు కౌంటర్ దాక వినపడుతుంటే నేను రిజిస్టర్‌ల గీతలు కొట్టుకుంట కూసున్న.

ఏడాది తిరగకముందే ఆమె చిగుళ్లు వాచినయి. వేడి చాయ్ తగిలితే ప్రాణం పోయినట్టయితుందని వచ్చింది. సారు చూసి, అలవాటయితదిలే అని పంపిండు. మెట్లు దిగేటప్పుడు చున్నీ మళ్ల నోటికి అడ్డం పెట్టుకున్నది. ఇగ నాతోని కాలే. బస్టాండు దాక ఉరికిన. కోదాడల ఒక మంచి మేడం ఉన్నదట, ఆదివారం నేనే తీస్కపోతనని చెప్పిన.

'ఉన్నదట' అన్న. చూడుండ్రి, అప్పుడు గూడ నిజం చెప్పలే.

తీస్కపోయిన. కానీ లోపలికి పోలే. మందుల వాసన పడదని చెప్పి కింద బెంచీ మీదనే కూసున్న. డాక్టరమ్మ నన్ను గుర్తుపట్టి, నీ పళ్లు బాగున్నయా అని అడిగితే? అదీ నా భయం. పైన ఆ పిల్ల నొప్పికి ఓర్సుకుంటుంటే, కింద నేను దొంగలెక్క దాక్కున్న.

డాక్టరమ్మ రెండు పళ్లకు లోపలి నరం దాక శుభ్రం చేసి నిలబెట్టింది. పాత క్యాపులు తీసేసి, ఆమె పంటి రంగుకు, కొలతకు తగ్గట్టు కొత్తవి చేయించి, ముందు పెట్టి చూపించి, ఆమె సరే అన్నంకనే అతికించింది. మూడు నెలలు పట్టింది. ఆ పిల్ల మళ్ల చాయ్ తాగింది. ఇప్పుడు బడిల అందరికన్న గట్టిగ పాఠం చెప్పేది ఆమెనేనట. నేను ఆ కొలువు ఇడిసిపెట్టిన. పెండ్లయి మిర్యాలగూడ వచ్చి, ఒక రైసు మిల్లు ఆఫీసుల పని చేస్తున్న.

అక్కడికి ఖతం కావాలె కదా? కాలే. మౌనిక నన్ను వదలలే. పండుగకు ఫోను, పెండ్లికి పిలుపు. కనపడినోళ్లకల్ల, మా అక్క లేకపోతే నా పండ్లు పోతుండె అని చెప్పేది. ఆమె మెచ్చుకున్నప్పుడల్ల నేను నేల చూసేదాన్ని. కొలువు పోతదనే భయంతోనే అబద్ధమాడిననా, లేకపోతే ఆ కౌంటర్ కాడ అందరూ మేడం అంటుంటే ఆ పిలుపు తీపి మరిగి ఆడిననా? ఇన్నేండ్లు అడుక్కుంటనే ఉన్న. రెండూ నిజమేనని ఇప్పుడనిపిస్తది.

రెండు నెలల కింద మౌనిక ఫోన్ చేసింది. వాళ్ల చెల్లెకు గూడ అవే చారలు. కోదాడ డాక్టరమ్మ దవాఖాన బంద్ చేసి పోయిందట. "నువ్ యాడికి పొమ్మంటే గాడికే పోతం అక్కా, నీ మాట మీదనే" అన్నది.

నా మాట మీద! ఫోన్ల చెప్పలేక, మరునాడు సెలవు పెట్టి సూర్యాపేట పోయిన. ఆమెను అక్కడికే రమ్మని, బస్టాండు ముందర హోటల్‌ల ఎదురెదురుగ కూసున్నం. అంతా చెప్పిన. నా పళ్లు యాడ చేయించుకున్ననో, ఆ రోజు ఏం తెలిసి ఏం చెప్పిననో, కోదాడల కింద ఎందుకు కూసున్ననో. ఆమె చాయ్ గ్లాసు పక్కకు జరిపింది.

"అప్పుడే చెప్తే నేను ఆ కుర్చీల కూసుందునా అక్కా?" అన్నది.

ఆమె లేచింది. చెల్లె కోసం రాసుకొచ్చిన కాగితం ఆమె చేతికిచ్చిన. పన్ను తట్టి చూస్తరో లేదో చూడు. అరగదీయకుండ అయ్యే పని ఉన్నదా అని అడుగు. చేసేది ఎవరు, ఏం సదివిండ్రో అడుగు. ముందుగాల పెట్టి చూపించమను. అడిగితే కోపం చేసే డాక్టరైతే లేచి రా. కౌంటర్ కాడ నవ్వేటోళ్లను చూసి నమ్మకు. అవే రాసిన. ఆమె చదవలే. మడిచి సంచిల పెట్టుకొని పోయింది.

నెల దాటింది, ఫోను రాలే. క్షమించుమని నేను అడగలే, అడిగే మొఖం నాకు లేదు. కానీ పోయిన ఆదివారం తెల్వని నంబరు నుంచి ఒక మెసేజ్ వచ్చింది. వాళ్ల చెల్లె పంపింది. 'రాసిచ్చినవన్నీ అడిగిన అక్కా. అరగదీసుడు అక్కర్లేదన్నరు.' అంతే ఉన్నది. పదిసార్లు చదువుకున్న.

మౌనిక మళ్ల మాట్లాడుతదో లేదో తెల్వదు. మాట్లాడకపోయినా అది ఆమె ఇష్టం. ఆ రోజు హోటల్‌ల ఆమెకు చెప్తుంటే మాట మాటకు ఆగి నీళ్లు తాగిన. ఇయ్యాల మీకు చెప్తున్న. ఎక్కడా ఆగకుండ చెప్పిన.