మా ఇంట్లో కిటికీ, బాతు, ఎంగిలి పండు

ఒక ఆదివారం పొద్దున మా ఇంటి కంప్యూటర్ మాకు నోటీసు ఇచ్చింది. కొత్త విండోస్ వేసుకోవడానికి ఈ యంత్రానికి అర్హత లేదు, పాతదానికి ఇకమీదట రక్షణ ఉండదు అని దాని సారాంశం. మా ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, రేషన్ కార్డు రద్దయినవాడి ముఖంతో దాన్ని మళ్లీ మళ్లీ చదివాడు.

మేముండేది బళ్లారి జిల్లా కంప్లిలో. మా ఆయనకు బస్టాండు దగ్గర ఎరువుల అంగడి. నేను కన్నడ ప్రైమరీ స్కూల్లో టీచర్ని. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చెప్పేది కన్నడ, కోపమొస్తే రెండూ. ఆ కంప్యూటర్‌ను నిజంగా వాడేదాన్ని నేనే. బడికీ ట్యూషన్‌కీ ప్రశ్నపత్రాలు దాంట్లోనే టైపు చేస్తాను. మా ఆయన దాంట్లో పేకాట ఆడతాడు. అయినా దానికి యజమాని ఆయనే. వాడేవాళ్లు వేరు, యజమానులు వేరు.

వంటింటి గడప దగ్గర చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా అత్త తలెత్తింది.

"ఏమంటాండాదప్పా అది?"

"దానికి వయసైపోయిందంటమ్మా. కొత్తది ఎక్కించుకునేకి తాకత్తు లేదంట," అన్నాడు మా ఆయన.

"ఎన్నేండ్లయిండాది దానికి?"

"తొమ్మిదో, పదో."

"థూ. నాకు డెబ్బై దాటిండాది. నేను చిక్కుళ్లు ఒలుస్తాండలేదా? సుమ్నె, ఊరికే సాకులు చెప్తాండాది అది."

మా ఆయన మాత్రం ఆ నోటీసు కింద 'తర్వాత గుర్తుచేయి' అన్నచోట నొక్కి, ఓట్లడగ వచ్చినవాళ్లకు 'చూద్దాం లేప్పా' అని చెప్పి పంపినంత తృప్తిగా లేచాడు. కానీ అప్పటికే మాట మేడెక్కింది. అక్కడ మా మరిది ఉంటాడు. బెంగళూరు కంపెనీలో ఉద్యోగం. ఇంటినుంచే పని చేయమన్నాక పైగదిలో స్థిరపడ్డాడు. ఇంకా పెళ్లి కాలేదు కాబట్టి నమ్మకాలన్నీ గట్టిగా ఉంటాయి. మెట్లు దిగుతూనే మొదలుపెట్టాడు.

"వదినా, నేను ఎప్పటినుంచో చెప్తాండా గదా! ఆ విండోస్ తీసి పారేయండి. లినక్స్ వేస్తా. ఊరికే ఇస్తారు. వైరసు రాదు. మనం ఏం చేస్తాండామో ఎవురూ తొంగి చూడరు. స్వేచ్ఛ వదినా, స్వేచ్ఛ!"

"ప్రింటర్ పని చేస్తాదా?" అన్నాను.

"స్వేచ్ఛ గురించి చెప్తాంటే ప్రింటర్ అంటావేంది?"

"కన్నడ టైపు వస్తాదా?"

ఆ ప్రశ్న అతని స్థాయికి తగింది కాదు. జవాబుగా తన లాప్‌టాప్ మూత మీద అంటించిన పెంగ్విన్ బొమ్మ చూపించాడు. మా అత్త కళ్లు చికిలించి చూసి, "బాతు బాగుండాది," అంది.

"బాతు కాదమ్మా, పెంగ్విన్. మంచులో ఉంటాది."

"మంచులో ఉండేదాన్ని బళ్లారి ఎండకు ఎందుకు తెచ్చినావప్పా, పాపం?"

ఆ రోజు నుంచి మా ఇంట్లో లినక్స్ పేరు బాతు. విండోస్ ఎటూ కిటికీయే.

అన్నదమ్ములకు పొత్తు కుదరలేదు. మా ఆయనకు కిటికీ అంటే పేకాట, బాతు అంటే తమ్ముడి మాట నెగ్గడం. ఫోన్ చేసి ఆ మధ్యాహ్నానికే మధ్యవర్తిగా మా అన్నను పిలిపించాడు. మా అన్నది చోరనూరు. మొదట సేద్యం, ఇప్పుడు ఇనుప గనులకు టిప్పర్లు తిప్పుతాడు. సండూరు తాలూకాలో ఎర్రదుమ్ము మనుషుల కనురెప్పల మీద కూడా ఉంటుంది. అలాంటి ఊరినుంచి మా అన్న వెండిలా మెరిసే మ్యాక్ లాప్‌టాప్‌ను కొత్త తువ్వాలులో చుట్టి, పసిబిడ్డను తెచ్చినట్లు ఒళ్లో పెట్టుకుని కారు దిగాడు. తువ్వాలు విప్పి దివాన్ మీద పెట్టి, "ఎవురూ ముట్టద్దండి," అన్నాడు.

మూత మీద కొరికిన పండు బొమ్మ. మా అత్త దగ్గరికొచ్చి చూసింది.

"ఎవురో కొరికి పెట్టినారు. ఎంగిలిపండు ఎందుకు కొన్నావు నాయనా? నిండు పండుది దొరకలేదా?"

"ఆ కొరికినదానికే రేటు అత్తా," అన్నాడు మా అన్న.

"దీంట్లో ఏం చేస్తావన్నా?" అని నేనడిగాను.

"అన్నీ చేయొచ్చు పాపా."

"నువ్వేం చేస్తావు?"

మా అన్నకు అబద్ధమాడే అలవాటు లేదు. "టిప్పర్ల ఫొటోలు పెట్టుకున్యా," అని తెరిచి చూపించాడు. నిజంగానే బ్రహ్మాండంగా ఉన్నాయి. అసలు దుమ్ముకన్నా ఫొటోలో దుమ్ము ఎర్రగా ఉంది.

ఇక ముగ్గురూ వాదనకు కూర్చున్నారు. ఒకరు అలవాటు అన్నారు, ఒకరు స్వేచ్ఛ అన్నారు, ఒకరు దర్జా అన్నారు. అవి కంప్యూటర్ల గుణాలో, ఆ ముగ్గురి జాతకాలో నాకు తేడా తెలియలేదు. టీ రెండోసారి పెట్టాల్సి వచ్చేసరికి ఓపిక పోయింది. మర్నాడు బడిలో మూడో తరగతికి పరీక్ష. ప్రశ్నపత్రం పెన్‌డ్రైవ్‌లో ఉంది. దాన్ని తెచ్చి టీ గ్లాసుల పక్కన పెట్టాను.

"ఎవురు ముందు దీన్ని ప్రింటు తీస్తారో వాళ్లదే ఈ ఇంట్లో ఉంటాది," అన్నాను.

మా ఆయన ముందుగా లేచి కంప్యూటర్ ఆన్ చేశాడు. అది అప్‌డేట్ చేసుకోవడం మొదలుపెట్టింది. యంత్రాన్ని ఆపవద్దు అని రాసి, ఒక చక్రం తిప్పుతూ ఉండిపోయింది. మా ఆయన చేతులు కట్టుకుని, "తిరుగుతాండాది, తిరగనీ," అన్నాడు, పూజారి హారతి తిప్పుతుంటే నిలబడ్డట్టు.

మరిదికి సందు దొరికింది. ప్రింటర్ వైరు పీకి తన లాప్‌టాప్‌కు తగిలించాడు. నల్లటి తెర తెరిచి, పెదవులు కదుపుతూ ఏదో టైపు చేశాడు. ప్రింటర్ ఉలకలేదు. "దొరుకుతాది వదినా. ప్రపంచంలో ఎవురో ఒకరు ఈ ప్రింటర్‌కు రాసిపెట్టింటారు," అంటూ ఇంటర్నెట్‌లో ఏ దేశంవాళ్లో ఎప్పుడో పోట్లాడుకున్న పేజీలు చదవసాగాడు. చదువుతూ చదువుతూ అసలు పని మరిచిపోయి, ఒకచోట నవ్వాడు కూడా.

మా అన్న పెన్‌డ్రైవ్ పట్టుకుని తన లాప్‌టాప్‌ను ఎద్దును బేరమాడేవాడిలా ముందూ వెనకా, ఈ పక్కా ఆ పక్కా చూశాడు. అది పట్టే సందు ఎక్కడా లేదు.

"దీనికి వేరే తోక కొనాలంట పాపా."

"ఇంత రేటు పెట్టి కొంటే తోక ఇవ్వలేదా?" అంది మా అత్త.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. మా కంప్యూటర్ అప్‌డేట్ సగంలో యూపీఎస్ మీద కుయ్యో కుయ్యో అంది. ప్రింటర్ చచ్చింది. లాప్‌టాప్‌లు రెండూ వెలుగుతూనే ఉన్నాయి కనుక తామే గెలిచామని వాటి సొంతదారులిద్దరూ ప్రకటించుకున్నారు. మా అత్త చిక్కుడు తొక్కలు ఎత్తి చాటలో పోసుకుంటూ, "మూడు మిషన్లు, ముగ్గురు మొగోళ్లు. ఒక్క కాగితం రాలేదు," అని లోపలికి పోయింది.

నేను చెప్పులేసుకుని, మా ఎరువుల అంగడి పక్కనున్న జెరాక్స్ అంగడికి పోయాను. ఆ అంగడాయనకు జనరేటర్ ఉంది. ఆయన కంప్యూటర్ తెర మీద ఫైళ్లు వడ్లు ఆరబోసినట్లు ఉంటాయి. ఊరందరి ఆధార్ కార్డులూ, పెళ్లి పత్రికలూ, కోర్టు కాగితాలూ అన్నీ కనిపిస్తూనే ఉంటాయి. నా ప్రశ్నపత్రాన్నీ వాటి మీదే పడేసి, ప్రింటు తీసి చేతిలో పెట్టాడు. అది ఏ సిస్టమని అడిగితే, "పని చేసేది మేడం," అన్నాడు.

అక్కడితో ఆగి ఉంటే ఇది నవ్వుకునే సంగతిగానే మిగిలేది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం బడినుంచి వచ్చేసరికి అన్నదమ్ములిద్దరూ కంప్యూటర్‌కు అటూ ఇటూ నిలబడి ఉన్నారు, ఫొటోకు నిలబడ్డట్టు. తెర మీద ఏదో కొండ, సరస్సు.

"సర్‌ప్రైజ్ వదినా! అన్నను ఒప్పించినా. కిటికీ మొత్తం తుడిచేసి బాతును వేసినా. చూడు, ఎంత జల్దీ తెరుచుకుంటాదో."

నేను బ్యాగు దించకుండానే అడిగాను. "నా ఫోల్డర్ యాడ?"

"ఏ ఫోల్డర్?"

"ప్రశ్నపత్రాలది. అత్త పాటలది."

మరిది ముఖం మారింది. మా ఆయనవైపు తిరిగాడు. "అన్నా, మొదలుపెట్టేకి ముందు బ్యాకప్ తీసినావా అని అడిగితి గదా? తీసినా అంటివి."

"తీసినా కదప్పా," అన్నాడు మా ఆయన. "అదో, ఈడే ఉండాది చూడు." బల్ల కింద, వైరు పీకి జాగ్రత్తగా పక్కకు జరిపిన యూపీఎస్‌ను చూపించాడు. మా ఊళ్లో బ్యాకప్ అంటే కరెంటు పోతే ఆదుకునే డబ్బానే. ఆయన తప్పేమీ లేదు. అంతకంటే కోపం తెప్పించేది ఇంకేముంటుంది?

ప్రశ్నపత్రాలు పోతే మళ్లీ రాసుకోవచ్చు. పాటల సంగతి వేరు. మా అత్త వయసులో ఉన్నప్పుడు నది పక్క మళ్లలో నాట్లు వేసే కూలి గుంపుకు పాట ఎత్తుకునేది ఆమే. సగం తెలుగు, సగం కన్నడ పాటలు. పెళ్లయి వచ్చిన కొత్తలో నాకు ఈ ఇంట్లో దొరికిన మొదటి స్నేహం ఆ పాటలే. తీరిక ఉన్నప్పుడల్లా ఫోనులో రికార్డు చేసి, కంప్యూటర్‌లో వేసుకుంటూ వచ్చాను. ఆ ఫోను ఎప్పుడో పోయింది. అరిస్తే ఏడుపొస్తుందని అరవలేదు. ఆ సాయంత్రం పొయ్యి వెలిగించలేదు. అన్నదమ్ములిద్దరూ గప్‌చుప్‌గా పోయి ఉగ్గాని, బజ్జీ కట్టించుకొచ్చారు. నాకు రెండు బజ్జీలు ఎక్కువ వేశారు. మగవాళ్ల పశ్చాత్తాపం ఎప్పుడూ పొట్లంలోనే వస్తుంది.

మర్నాడు అత్త నా పక్కన వచ్చి కూర్చుంది.

"పాటలు పోయినాయని కుమిలిపోతాండావా? అవి ఆ డబ్బాలో యాడుండాయే, నా గొంతులో ఉండాయి గానీ. పట్టు ఫోను."

ఎత్తుకుంది. రాగం నాకు తెలిసిందే. మాటలు మాత్రం కొత్తవి.

"కిటికీ తీసితే దుమ్మొచ్చె ఏలో,
దుమ్ము దులపను బాతొచ్చె ఏలో,
బాతు మింగేనూ బడి కాయితాలు,
పండు తెచ్చినోడు పళ్లికిలించె ఏలో!"

నేను ఫోను పట్టుకునే పడీ పడీ నవ్వాను. నాట్ల పాట ఏనాడూ ఒకేలా ఉండదట. గట్టుమీద గొడుగు పట్టుకుని రైతు నిలబడితే గొడుగు పాటలోకి వచ్చేస్తుంది, అతని పొట్ట కూడా వస్తుంది. వంగి నాట్లు వేసేవాళ్లు నిలబడ్డవాళ్లను తిట్టడానికి అదొక్కటే దారి. హాల్లో మా ఆయన పేపరు ముఖానికి ఇంకా దగ్గరగా తెచ్చుకున్నాడు. మెట్లు దిగుతున్న మరిది మధ్యలోనే వెనక్కి తిరిగి పైకి పోయాడు.

అలా రోజుకొకటి చొప్పున చాలా పాటలు తిరిగి వచ్చాయి. కానీ ఏటికి నీళ్లొచ్చి నారుమడి కొట్టుకుపోయిన పాట ఒకటి ఉండేది. అది పాడుతూ అత్త మధ్యలో ఆగింది. మొదటినుంచి మళ్లీ ఎత్తుకుంది, మళ్లీ అక్కడే తెగింది. "మర్చిపోయినానే," అంది. ఇంకోసారి అడగలేదు నేను. అది మాత్రం నిజంగా పోయింది.

ప్రశ్నపత్రాలు జెరాక్స్ అంగడిలో దొరికాయి. ప్రింటర్ మొరాయించినప్పుడల్లా అక్కడికే పరుగెత్తేదాన్ని కాబట్టి ముప్పాతిక వంతు ఆయన తెర మీదే పడి ఉన్నాయి. "నేను ఏదీ డిలీట్ చేయను మేడం. ఏది డిలీట్ చేయాలో తెలీదు," అన్నాడు. స్వేచ్ఛ, దర్జా, అలవాటు ముగ్గురూ కలిసి కాపాడలేనిదాన్ని సోమరితనం కాపాడింది.

ఇక కిటికీ తిరిగి రాదు కనుక మరిదికి షరతులు పెట్టాను. ప్రింటర్ పని చేసేవరకు, కన్నడ టైపు వచ్చేవరకు కిందికి దిగి ఆ బల్ల ముందే కూర్చోవాలి. కూర్చున్నాడు. ఆఫీసు మీటింగులు కూడా అక్కడినుంచే, వెనక మా అత్త రోటి చప్పుడుతో సహా. చివరికి ప్రింటర్ దారికొచ్చింది. కీబోర్డు పద్ధతి మారింది కాబట్టి కొన్నాళ్లు నా కన్నడం మూడో తరగతి పిల్లల కన్నడంలా ఉండింది. తర్వాత అలవాటైంది. నిజం చెప్పాలంటే బాతు చెడ్డదేమీ కాదు. తొందరగా లేస్తుంది, నోటీసులివ్వదు, ముసలి యంత్రాన్ని ముసలిదని వెక్కిరించదు. బాగోలేనప్పుడు మాత్రం మేడమీదున్నవాళ్లను కేకేసి కిందికి పిలవాలి. మేడమీద మరిది లేని ఇళ్లవాళ్లు ఏం చేస్తారో నాకు తెలియదు. పాస్‌వర్డు నాదే. ఎవరికీ చెప్పలేదు. పాటలు రెండు పెన్‌డ్రైవ్‌లలో, బీరువాలో, పట్టుచీరల మధ్య ఉన్నాయి.

మా అన్న తోక కొన్నాడు. దాన్నీ తువ్వాలులోనే చుట్టి పెట్టాడు.

మా ఆయన కొన్నాళ్లు పేకాటకోసం అలిగాడు. బాతులో కూడా పేకముక్కలుంటాయని చూపించాక అలక తీరింది. ఇప్పుడు ఆ మార్పంతా తన నిర్ణయమేనని అంగడికి వచ్చినవాళ్లకు చెబుతుంటాడు. మొన్న నేను తాళాలివ్వడానికి పోయినప్పుడు ఒక రైతు యూరియా మూటమీద కూర్చుని వింటున్నాడు.

"మేమైతే ఇంట్లో లినక్స్‌కు మారినామప్పా. తెగులు రాదు, ఖర్చు లేదు," అంటున్నాడు మా ఆయన.

రైతు శ్రద్ధగా తలూపి, "ఎకరాకు ఎంత కొట్టాలప్పా అది?" అని అడిగాడు.