పచ్చడి ముట్టని మూడు రోజులు

మా ఇంట్లో నా కంచం మీద అందరికీ పెత్తనమే. డెబ్బై దాటినా మొదటి ముద్ద పండుమిరప పచ్చడితోనే తింటానని కొడుకూ కోడలూ ఏళ్ళ తరబడి నన్ను సాధించారు. సొంత చేలో మిరప వేసుకుని నన్ను మాత్రం చప్పిడి కూడు తినమంటారు.

పోయిన ఫాల్గుణంలో, కాయలు కల్లంలో ఎండుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం పచ్చడి గిన్నె చూస్తేనే వికారం పుట్టింది. మజ్జిగన్నం రెండు ముద్దలు తిని లేచాను. బొడ్డు చుట్టూ సన్నగా నొప్పి ఉంది కానీ, పొద్దుటి నుంచీ వంగి రంగు పోయిన తాలుకాయలు ఏరినందువల్ల అనుకున్నాను. మా కోడలి మొహం వెలిగిపోయింది. అత్తయ్యకి ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందని ఫోనులో వాళ్ళమ్మకి చెప్పింది. మర్నాడూ ముట్టకపోతే మా అబ్బాయి మెచ్చుకున్నాడు. నేను చావుకు దగ్గరవుతుంటే వీళ్ళు నాకు సన్మానం చేశారు.

ఊళ్ళో సూదులు వేసే ఆయన గ్యాసన్నాడు. ఆయనకు తెలిసిన జబ్బు అదొక్కటే. మూడో రోజు నొప్పి కుడివైపు దిగితే ఒంగోలు తీసుకెళ్ళారు. అక్కడి కుర్ర డాక్టరు నా మొహం చూడకుండా అన్నీ మా వాణ్ణే అడిగాడు. జ్వరం లేదు, ఈ వయసులో మలబద్ధకమే అని తేల్చాడు. అపెండిక్సేమోనని మా వాడు నసిగితే, అది చిన్నవాళ్ళకు వచ్చేదని నవ్వాడు. ఆ నవ్వు కోసమే అన్నేళ్ళు చదివాడు కాబోలు.

చీటీ పట్టుకుని లేస్తుంటే పెద్ద డాక్టరమ్మ లోపలికి వచ్చింది. ఏం తిన్నారని నన్నే అడిగింది. మజ్జిగన్నం అన్నాను.

"పచ్చడి వేసుకోలేదా మామ్మగారూ?"

"మూడ్రోజులైంది తల్లీ. సయించట్లా."

"ఇదివరకెప్పుడన్నా ఇట్టా మానేశారా?"

"మా ఆయన పోయిన రోజు తప్ప ఎప్పుడూ లేదమ్మా."

ఆమె నవ్వలేదు. కుడివైపు నొక్కి చెయ్యి తీసేసరికి నాకు ప్రాణం పోయినట్టయింది. పెద్దవాళ్ళలో జ్వరం లేకుండా, నొప్పి పెద్దగా తెలియకుండానే అపెండిక్స్ పగిలిపోవచ్చని ఆ కుర్రాడికి వినపడేట్టు చెప్పి స్కానింగుకు పంపింది. సాయంత్రానికి ఆపరేషను అయింది. ఇంకో పూట ఆగితే పగిలేదట.

ఇప్పుడు మా ఇంట్లో కొత్త పెత్తనం మొదలైంది. పచ్చడి వేసుకున్నానా లేదా అని ఇద్దరూ నా కంచం వంకే చూస్తారు. మొన్న నోరు పూసి వద్దన్నాను. మా వాడు అన్నం వదిలేసి కారు తాళాల కోసం లేచాడు. కోడలు గిన్నె ముందుకు జరిపి, ఒక్క ముద్ద తినండి అత్తయ్యా అంది. తనే ఇంత పచ్చడి తీసి నా అన్నంలో వేసింది.

నోరు మండుతున్నా తిన్నాను.