నాన్న చుట్టిన తెల్ల తీగ

మా చిన్నప్పుడు... మా వసారా నిండా పొలాల్లో కాలిపోయిన మోటార్లే. రాజుపాలెంలో మోటారు వైండింగ్ అంటే మా నాన్న మస్తానే. మాడిన తీగ ఊడదీసి, కొత్త రాగి తీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టేవాడు. ఊడదీసిన పాత రాగిని మాత్రం రైతు కండువాలోనే మూటగట్టి ఇచ్చేసేవాడు. అందుకే ఆయనంటే ఊళ్లో అంత నమ్మకం.

ఒక ఏడాది రాగి ధర మండిపోయింది... ఎక్కడ చూసినా కొత్త కరెంటు లైన్లు, కొత్త ట్రాన్స్‌ఫార్మర్లు. ఉన్న రాగి అంతా వాటికే పోతోందని నరసరావుపేట కొట్లో చెప్పారట. నాన్న రెండుసార్లు బస్సెక్కి వెళ్లి ఉత్తచేతులతో వచ్చాడు. సరిగ్గా అప్పుడే మా వీధి చివరి కోటయ్య బాబాయి మోటారు కాలింది. మిరపతోట కాయ మీద ఉంది. మూడు రోజుల్లో తడి పెట్టకపోతే ఇక అంతే సంగతులు.

రాగి లేదని చెబితే పోయేది. నాన్నకు నామోషీ... రాగిలా కరెంటు మోయలేని అల్యూమినియం తీగ చుట్టి, కనబడకుండా వార్నిష్ దట్టంగా పోశాడు. రాగి దొరకగానే మార్చేద్దామనుకున్నాడు. ఆ తెల్ల తీగను చూసింది అమ్మా, నేనూ మాత్రమే.

ఐదో రోజుకే మోటారు మళ్లీ కాలి మా వసారాలోకి వచ్చింది. నాన్న తీగ ఊడదీయకముందే బాబాయి అలవాటుగా కండువా పరిచాడు. నాన్న మోటారు మీద చెయ్యి వేసి, విప్పకుండానే తీసేశాడు.

"ఏంది మస్తానూ, అట్టున్నావు? తప్పు నాదేలే. ఓల్టేజీ చూసుకోకుండా స్టార్టర్ నొక్కా" అన్నాడు బాబాయి.

తీగ తర్వాత ఇస్తానని గొణిగి నాన్న లోపలికి వెళ్లిపోయాడు. నాకు ఆయన మీద చచ్చేంత కోపం వచ్చింది... జాలీ వేసింది.

రాగి దొరికేసరికి పది రోజులు పట్టింది. అప్పటికే తోట నిలువునా ఎండింది. నాన్న కూలి తీసుకోకుండా మళ్లీ చుట్టి ఇచ్చాడు. దానికి కూడా బాబాయి చేతులెత్తి దణ్ణం పెట్టాడు.

నాన్న పోయి చాలా ఏళ్లయింది. మొన్న ఊరెళితే బాబాయి కనిపించి, పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"రాగి రేటు ఇనలేకుండా ఉంది గదమ్మాయ్. ఇప్పుడు అందరూ అల్యూమినియమే చుడతన్నారు. మీ నాన్న చచ్చినా అట్టాంటి పని చేసేవోడు కాదు."

నేను తల ఊపాను.

ఈ రోజుల్లో ఏ తీగ కావాలో ముందే అడిగి చుడుతున్నారు... అప్పుడు మా ఇంట్లో ఆ ఒక్క మాటే కరువైంది. మీ ఇంట్లోనూ ఇలా గొంతులో ఆగిపోయిన మాట ఉంటే, ఇక్కడైనా చెప్పండి. బాబాయికి మాత్రం నేనింకా చెప్పలేదు...