కొయ్యకొంగ కాపరి

హిన్నెర్క్ ఓల్ట్‌మన్‌కి ఉన్నది ఒక్కటే పిచ్చి. ఊళ్లో ఎవరు మందు వద్దన్నా, మర్నాడు పొద్దున్నే ఆయన గడ్డపార భుజాన వేసుకుని వాళ్లింటికి బయల్దేరతాడు.

గడ్డపార కొంగను పాతడానికి. పిల్లల్ని కొంగే మోసుకొస్తుందని ఆ దేశంలో పాతమాట. అందుకే వీడెన్‌బెక్ ఊళ్లో ఎవరింట బిడ్డ పుట్టినా ఆ ఇంటి ముందు పొడుగాటి గుంజ మీద కొయ్యకొంగను నిలబెడతారు. దాని ముక్కుకు చిన్న పలక తగిలించి, బిడ్డ పేరూ, బరువూ, పుట్టిన తేదీ రాస్తారు. ఏడాదిపాటు ఆ ఇంటి ముందు ఎండకు ఎండి వానకు తడిసి, కొంగ మరో ఇంటికి వెళ్తుంది. నలభై ఏళ్ల కిందట ఆ కొంగను చెక్కింది వడ్రంగి హిన్నెర్కే. కాబట్టి పాతే హక్కూ, పీకే హక్కూ ఆయనవే. ఇంకెవరైనా దాని మీద చెయ్యి వేస్తే ఊరుకోడు.

వచ్చిన చిక్కల్లా ఒకటే, ఊళ్లో పిల్లలు పుట్టడం మానేశారు. కొంగ నిజమైన పని మీద గడప దాటి ఏడేళ్లయింది. బడి మూసేసి, అందులో ముసలివాళ్లకు నడుం వంచే కసరత్తులు నేర్పుతున్నారు. మంత్రసాని కుక్కలకు జుట్టు కత్తిరించే కొట్టు పెట్టుకుంది. పసుపు సైకిలు మీద ఊరంతా ఉత్తరాలు పంచే వీబ్కెకు ఈ సంగతి అందరికన్నా బాగా తెలుసు. ఒకప్పుడు ఆమె సంచీలో ఉయ్యాల తొట్ల కేటలాగులు ఉండేవి. ఇప్పుడన్నీ చెవిటి మిషన్లవే.

అందుకే హిన్నెర్క్ ఆశను మందుగ్లాసు మీద పెట్టుకున్నాడు. ఆ ఊళ్లో మనిషన్నవాడు మందు వద్దనడానికి కడుపుతో ఉండటం తప్ప మరో కారణం ఎవరికీ తోచదు. ఎవరైనా గ్లాసు పక్కన పెట్టగానే ఆయన చెవి మీది వడ్రంగి పెన్సిల్ తీసి, నాలుకకు తడి చేసి, చిన్న పుస్తకంలో పేరు రాసుకుంటాడు. మర్నాడు ఆ ఇంటి ముందు మడమతో నేల నొక్కి చూసి, "నేల మెత్తగానే ఉంది" అంటాడు. జనవరిలో గడ్డపార ఠంగుమని ఎగిరి పడుతున్నా ఆయనకు నేల మెత్తగానే ఉంటుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతకు కాళ్లొస్తే అచ్చం హిన్నెర్క్‌లాగే నడుస్తుంది.

ఓసారి చర్చి పాటల బృందం కూడినప్పుడు పాస్టరమ్మ హెడ్‌విగ్ ఉపవాస దినాలని వైన్ వద్దంది. తెల్లారేసరికి ఆవిడ వాకిట్లో కొంగ ఉంది. ఆ ఆదివారం చర్చికి క్రిస్మస్‌కి కూడా రానంత జనం వచ్చారు.

"హిన్నెర్క్, నాకు అరవై ఒకటి" అని పాస్టరమ్మ నెమ్మదిగా గుర్తు చేసింది.

"బైబిల్లో ఆవిడెవరో తొంభై ఏళ్లకు కన్నదని మీరే కదమ్మా చెప్పారు" అన్నాడాయన. బైబిలు ఆవిడదాయె, కాదనడానికి లేదు.

మరోసారి పెళ్లిపెటాకులు లేని రైమర్, ఓకె అనే ఇద్దరు అన్నదమ్ముల్లో పెద్దవాడైన రైమర్ కీళ్లనొప్పికి మాత్రలు వాడుతూ బీరు వద్దన్నాడు. వాళ్లింటి ముందూ కొంగ లేచింది. మగవాళ్లం కదయ్యా అని అన్నదమ్ములు మొత్తుకుంటే, ఆడా మగా చూడటం తన పని కాదన్నాడు. ఆ వారమే వాళ్ల ఆవు ఈనింది. హిన్నెర్క్ పరుగున వెళ్లి పలక మీద దూడ పేరూ, దాని కింద నలభై ఒక్క కిలోలనీ రాసి, కొంగ ఎన్నడూ అబద్ధమాడదని ఊరంతా చెప్పుకొచ్చాడు.

వీబ్కె ఇవన్నీ చూసి అందరితోపాటూ నవ్వేది. నవ్వి సైకిలెక్కాక మాత్రం వెనక్కి చూడకుండా తొక్కేది. ఆమెకు ముప్పై తొమ్మిదేళ్లు, పెళ్లయి పదకొండేళ్లు. రొట్టెల కొట్టు గెసీనె వారానికోసారైనా గల్లా దగ్గర ఆపి, "ఏమే వీబ్కె, ఏమైనా విశేషమా?" అని వరసలో ఉన్న నలుగురికీ వినబడేట్టు అడుగుతుంది. గెసీనెది చెడ్డ మనసు కాదు, నోటికి తలుపు లేదంతే. లేదక్కా అని నవ్వి, రొట్టె చంకన పెట్టుకుని బయటపడటం వీబ్కెకు అలవాటైపోయింది. పట్నంలో ఆసుపత్రి చుట్టూ రెండేళ్లు తిరిగిన సంగతి ఆమెకూ, భర్త యోర్న్‌కీ తప్ప మూడో మనిషికి తెలియదు. రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి పోయింది. రెండోసారి పోయి మూడు వారాలే అయింది. ఇక చాలు అని ఇద్దరూ అనుకున్నారు. డాక్టరు మాత్రలిచ్చి, నెల్లాళ్లు మందు ముట్టుకోవద్దన్నాడు.

సరిగ్గా అప్పుడే కేల్ నడక వచ్చిపడింది. ఏటా ఫిబ్రవరి మొదటి శనివారం ఊరంతా మెళ్లో తాడుకు చిన్న గ్లాసులు కట్టుకుని, సారాసీసాలు నింపిన తోపుడుబండి లాక్కుంటూ పొలాల మీదుగా నడుస్తారు. ప్రతి మలుపులో బండి ఆగుతుంది, అందరూ గ్లాసు చాపాలి. చివర్న సత్రంలో కేల్ ఆకుకూర, సాసేజీలతో భోజనం. వీబ్కె వెళ్లనంటే అదీ ఒక విశేషమే అవుతుంది. నీ గ్లాసు నేను ఖాళీ చేస్తాలే అని యోర్న్ ధైర్యం చెప్పాడు. తీరా అక్కడికెళ్లాక బండి లాగడానికి అతన్నే ముందు కట్టేశారు.

మొదటి మలుపులో వీబ్కె గ్లాసు కాలవలో వంపింది. రెండో మలుపులో ఎవరూ చూడకుండా చేతి తొడుగులో పోసుకుంది. వేళ్లు కొంకర్లు పోయాయి. మూడో మలుపులో సీసా గెసీనె చేతిలో ఉంది.

"గ్లాసు చాపవేమే?"

"ఇవాళ్టికి వద్దులే గెసీనక్కా."

గెసీనె మొహం విప్పారింది. "వద్దా?" అంది, ఆ ఒక్క మాటనే చప్పరిస్తూ. ముప్పై మంది కళ్లూ వీబ్కె నడుము మీదికి, అక్కణ్ణించి హిన్నెర్క్ చెవి మీది పెన్సిల్ మీదికి వెళ్లాయి.

వీబ్కెకు తన వాకిట్లో కొంగ కనిపించింది. ఏమీ రాయని పలక గాలికి ఊగుతోంది. రోజూ సైకిలు దాని పక్కనుంచే తోసుకెళ్లాలి. లేదు, పొరపాటు, ఏమీ లేదు అని ఇంటింటా ఉత్తరంతోపాటు చెప్పుకుంటూ పోవాలి. అది తనవల్ల కాదు. బండి ముందు యోర్న్ తాడు వదిలేసి ఇటు రాబోయాడు.

హిన్నెర్క్ పెన్సిల్ తీసి నాలుకకు తడి చేశాడు. వీబ్కె వైపు ఓసారి చూశాడు. ఆ తర్వాత మెళ్లో నిండుగా ఉన్న తన గ్లాసును పట్టుకుని, తొణక్కుండా రోడ్డు పక్క గడ్డిలో బోర్లించాడు.

"నాకూ వద్దు" అన్నాడు.

డెబ్బై ఎనిమిదేళ్లలో ఆయన సారా వద్దనడం ఎవరూ వినలేదు. అపెండిసైటిస్ ఆపరేషన్‌కి ముందు కూడా మత్తు సూదికి బదులు తన సీసా చాలదా అని అడిగిన మనిషి. గెసీనె సీసా సంగతి మరిచిపోయి ఒంట్లో ఎలా ఉందని కంగారుగా అడిగింది.

"ఏమో. రెండ్రోజుల నుంచి పొద్దున్నే వికారం. ఊరేసిన దోసకాయ తప్ప ఏదీ నోటికి సయించట్లేదు" అని ఆయన పెన్సిల్‌తో పుస్తకంలో తన పేరే రాసుకున్నాడు.

అగ్నిమాపక దళం పెద్దాయన రోడ్డు మీదే కూలబడి నవ్వాడు. తండ్రి ఎవరని ఎవరో అడిగితే, పరువు గల కుటుంబం, పేరు బయటపెట్టనని చెప్పాడు హిన్నెర్క్. అక్కణ్ణించి సత్రం దాకా ఆయనకు ఆసరాగా చెరో చెయ్యీ ఇద్దరు పట్టుకున్నారు. గుంట వచ్చినప్పుడల్లా జాగ్రత్త జాగ్రత్త అని అరిచారు. సత్రంలో ఆయన పళ్లెంలోకి ఇద్దరి భోజనం వచ్చింది, మొహమాటం లేకుండా తిన్నాడు. వీబ్కె గ్లాసు సంగతి ఎవరికీ జ్ఞాపకం లేదు.

ఆదివారం పొద్దుటికి కొంగ హిన్నెర్క్ సొంత వాకిట్లో నిలబడింది. పలక మీద, "హిన్నెర్క్, 94 కిలోలు, తేదీ చెప్పలేం" అని ఉంది. పక్క ఊళ్ల నుంచి వచ్చి మరీ ఫొటోలు దిగారు. గెసీనె పాపాయి జోళ్ల ఆకారంలో రొట్టెలు చేసి పెట్టింది. నెల్లాళ్లపాటు ఆ కొట్లో మరో మాట పుట్టలేదు. ఆ సోమవారం రొట్టెకు వెళ్లిన వీబ్కెను కూడా గెసీనె ఆపి, హిన్నెర్క్ పొట్ట ఎత్తు చూశావా అనే అడిగింది.

వీబ్కె చెవిటి మిషన్ల కేటలాగు ఇచ్చే వంకతో ఆయన ఇంటికి వెళ్లింది. హిన్నెర్క్ కొంగ ఎర్రకాళ్లకు రంగు పూస్తున్నాడు. ఆమె సైకిలు స్టాండ్ వేసింది. దారంతా ఒకటే ఆలోచించుకుంటూ వచ్చింది. పాటల బృందం కూడిన రోజు పాస్టరమ్మకన్నా ముందే కసరత్తులు నేర్పే టీచరు ఆంట్యె గ్లాసు పక్కన పెట్టింది. ఆ నెలలో ఆంట్యెకు ఆసుపత్రి ఉత్తరాలు వెళ్లాయి, తీసుకెళ్లింది తనే. రైమర్ బీరు వద్దన్న రోజు కూడా అంతే, సత్రం వాళ్ల చిన్నకోడలు అంతకుముందే వద్దని తల దించుకుంది. అందరూ చూసింది రైమర్‌ని.

"హిన్నెర్క్ తాతా, మీరు కొంగ పాతిన ఇళ్లేవీ ముందు వద్దన్నవాళ్లవి కావు."

"నా చేతిరాత బాగోదమ్మాయ్. పేర్లు తారుమారవుతుంటాయి" అన్నాడాయన, కుంచె ఆపకుండా.

ఆమె అక్కణ్ణించి కదలలేదు. ఆయనకు రెండో కాలు పూయడం కూడా అయిపోయింది.

"మా ఆవిడ అల్మా ముప్పై ఏళ్లు ఈ ఊరి రొట్టె తినలేదు, తెలుసా?" అన్నాడు చివరికి. "అప్పుడు గల్లా దగ్గర గెసీనె వాళ్లమ్మ ఉండేది. ఆ విశేషమా ప్రశ్నకు భయపడి అల్మా కొట్టుకు వెళ్లడం మానేసింది. నేను సైకిలు మీద పక్క ఊరు పోయి తెచ్చేవాణ్ణి. రొట్టె తేవడం తెలిసింది గానీ, ఇక్కడి నోళ్లకు వేరే మేత వెయ్యొచ్చని తెలియలేదు. తెలిసేసరికి అల్మా లేదు."

అల్మా పోయి ఎనిమిదేళ్లయింది. ఊళ్లో ప్రతి బిడ్డకూ నిలబడ్డ కొంగ ఆ వాకిట్లో నిలబడటం ఇదే మొదటిసారని అప్పుడు తట్టింది వీబ్కెకు. కళ్లు చేతి తొడుగుతో తుడుచుకుంది. దానికింకా సారా వాసన వస్తోంది.

"ఎన్నో నెల తాతా?" అంది.

"కొంగనడుగు" అన్నాడు హిన్నెర్క్, కేటలాగు తెరిచి.

మరుసటేడు కేల్ నడకలో మూడో మలుపు దగ్గర గెసీనె సీసా పట్టుకుని వచ్చింది. ఈసారి గ్లాసు చాపనిది ఆమె కొత్త కోడలే, స్వాంట్యె.

"వద్దా?" అంది గెసీనె. అందరి కళ్లూ ఆ పిల్ల నడుము మీదికి వెళ్లాయి.

కడుపుతో ఉందో లేదో, నిలిచిందో పోయిందో వీబ్కెకు తెలియదు. ఆ పిల్ల మొహంలోని బెదురు మాత్రం తెలుసు. తన నిండు గ్లాసు పట్టుకుని గడ్డిలో బోర్లించింది.

"నాకూ వద్దు. పొద్దుణ్ణించి ఊరేసిన దోసకాయ మీదికే పోతోంది మనసు."

"నీకు నలభై వచ్చాయి కదే!" అంది గెసీనె, కోడల్ని వదిలేసి ఇటు తిరిగి.

"పాస్టరమ్మకు అరవై ఒకటి" అన్నారు నలుగురైదుగురు ఒకేసారి. నవ్వు బండి దాటి పొలాల మీదికి పోయింది. హిన్నెర్క్ పెన్సిల్ నాలుకకు తడి చేసి, ఏమీ ఎరగనట్టు రాసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన గడ్డపారతో వచ్చేసరికి వీబ్కె ఉన్ని టోపీ పెట్టుకుని వాకిట్లో సిద్ధంగా ఉంది. ఇంటిగోడ పక్కన వద్దనీ, గెసీనె కొట్టు కిటికీకి కనబడేలా రోడ్డు వారగా పాతమనీ చోటు చూపించింది. పలక మీద ఏం రాయాలని ఆయన అడిగితే ఆలోచించి, "పసుపు సైకిలు, ఇరవై ఆరు కిలోలు" అంది. యోర్న్ కాఫీలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, పలక చదివి, కప్పు తొణికేదాకా నవ్వాడు.

రాత్రంతా మంచు కురిసింది. గడ్డపార వేసిన చోటల్లా ఠంగుమని ఎగిరిపడుతోంది. హిన్నెర్క్ నడుం పట్టుకుని ఆయాసపడుతూ వీబ్కె వైపు చూశాడు.

ఆమె గుంజను రెండు చేతులా కదలకుండా పట్టుకుని, మడమతో నేల నొక్కి చూసింది.

"మెత్తగానే ఉంది తాతా, కానివ్వండి" అంది.