ప్లేట్ల డాక్టరు తుడిచిన పాట

నేను తిరిగిన ప్రతి ఊళ్ళోనూ పట్టా లేని డాక్టరు ఒకాయన తగిలాడు. ఒకచోట గొడుగులకి, ఒకచోట గోడ గడియారాలకి, ఇంకోచోట పెంపుడు చిలకలకి. ఇప్పుడు చెప్పబోయేది గ్రామఫోన్ ప్లేట్ల డాక్టరు సంగతి. నలభై ఏళ్ళు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి, రిటైరయ్యాక అదే చేత్తో వినైల్ రికార్డులు తుడవడం మొదలుపెట్టాడు. మురికి ప్లేటుతో ఎవరైనా మేడ మెట్లెక్కితే ముందు చీవాట్లు, తరవాతే వైద్యం.

“దేంతో తుడిచారు?”

“టూత్‌పేస్టుతోనండీ. గీతలు పోతాయని పక్కింటాయన చెప్పాడు.”

“పోయాయా?”

“ఇంకో నాలుగు వచ్చాయండీ.”

“ఆ పక్కింటాయన పళ్ళయినా తెల్లగా ఉన్నాయా?”

ఆయన పద్ధతికి వంక పెట్టడానికి లేదు. ముందు మెత్తటి బ్రష్షుతో పొడి దుమ్ము దులపాలి. కుళాయి నీళ్ళు ఆరితే తెల్లటి మరక మిగులుతుంది కనక బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటరే వాడాలి. అందులో గిన్నెలు తోమే సబ్బు ఒక్క చుక్క. జిడ్డు మరీ మొండిదైతే నాలుగు వంతుల నీళ్ళకి ఒక వంతు స్పిరిట్. గాడి వెంబడే గుండ్రంగా తుడవాలి, అడ్డంగా కాదు. మధ్యనున్న కాగితం తడవకూడదు. ఎండలో పెడితే వంకర తిరుగుతుంది. ఇక ఆఖరిది, భార్య ఆ గది గడప దాటకూడదు. పన్నెండేళ్ళ కిందట ఆవిడ చేసిన నేరం, ఆ గదిలో బల్ల తుడవడం.

మొన్న ఆయన అక్క వచ్చింది. ఎనభై దాటిన మనిషి. కీ ఇచ్చి తిప్పే పాత పాటలపెట్టె, ఒకే ఒక్క ప్లేటు ఆవిడ సామాను. వాళ్ళమ్మ పెళ్ళికి ముందు రికార్డు ఇచ్చిన పాట అది, జీవితం మొత్తానికి అదొక్కటే. రెండోవైపు ఎవరిదో వయొలిన్. అటక మీద ఏళ్ళ తరబడి జిడ్డు పట్టి, ఇప్పుడు పెడితే గరగర తప్ప ఏమీ వినపడదు.

“ఒరేయ్, నాకు మిగిలింది ఈ కుడిచెవి ఒక్కటే. అదీ చలికాలం దాకా ఆగదన్నాడు డాక్టరు. నువ్వు కాదులే, అసలు డాక్టరు. ఈలోపు అమ్మని ఒక్కసారి వినిపించు,” అంది.

“సాయంత్రానికి అమ్మ నిన్న పాడినట్టుంటుంది, చూడు.”

ప్లేటు మందంగా, బరువుగా ఉంది. “ఆ రోజుల్లో సరుకు అలా ఉండేది,” అని మెచ్చుకున్నాడు తప్ప ఎందుకలా ఉందని ఆలోచించలేదు. ఊళ్ళోవాళ్ళ ప్లేట్లకైతే నీళ్ళు కలిపిన స్పిరిట్. ఇది అమ్మది కదా, మర్యాదగా అచ్చ స్పిరిట్టే పోశాడు. అమ్మ పాడినవైపు, పాట మొదలయ్యే అంచు చుట్టూ గుడ్డ తిప్పాడు. గుడ్డ నల్లబడింది.

“చూశావా అక్కా, ఎంత మురికో.”

రెండో గుడ్డ ఇంకా నల్లగా వచ్చింది. మూడోది తారు. గుడ్డ మారినకొద్దీ ఆయన మొహం వెలిగిపోయింది. మురికి బయటపడుతుంటే మనిషికి కలిగే ఆనందం గురించి రెండు మూడు భాషల్లో చదివాను గానీ, ఇంత నిఖార్సయినది ఏ పుస్తకంలోనూ లేదు.

టీ తెచ్చిన భార్య గడప అవతలే ఆగిపోయింది. వాసన పీల్చింది.

“ఏమండీ, ఆ గుడ్డ ఒకసారి ఇటివ్వండి.”

“నువ్వు గడప దాటకు.”

“దాటనులెండి. చెయ్యే చాపుతున్నా.”

గుడ్డ నలిపి చూసింది. వేళ్ళు ఒకదానికొకటి అంటుకున్నాయి. ఆవిడ తండ్రి బల్లలకీ తలుపులకీ పాలిష్ వేసే మనిషి.

“మా నాన్న చేతులు అచ్చం ఇలాగే ఉండేవి. లక్క స్పిరిట్లో కరగబెట్టేగా పాలిష్ వేసేవాడు. ఇది మురికి కాదండీ. ప్లేటే.”

వినైల్ అనే ప్లాస్టిక్ రాకముందు ప్లేట్లు లక్కతోనే పోసేవాళ్ళు. స్పిరిట్ ఒకదానికి మందు, ఇంకోదానికి విషం. డాక్టరు చేతికి వచ్చినవన్నీ వినైలే కనక ఆ ముక్క ఆయన నియమాల్లో లేదు.

“ఏమంటోందిరా?” అంది అక్క.

మెల్లగా చెప్పే సౌకర్యం కూడా లేదు. కుడిచెవి దగ్గర అరవాల్సి వచ్చింది. “అమ్మ పాట చెరిపేశానక్కా.” కింద వీధిలో సైకిల్ మీద పోతున్నవాడు తలెత్తి చూశాడు.

“ఎంత?”

“రెండు వేళ్ళ వెడల్పు.”

“మిగతాదో?”

ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ గడప దాటింది. ముందు స్పిరిట్ సీసాకి మూత పెట్టి కిటికీలో దూరంగా పెట్టింది. మెత్తబడ్డ అంచుని ముట్టుకోకుండా గట్టిపడనిచ్చింది. తరవాత ప్లేటు మధ్యనున్న కాగితం తడవకుండా దానిమీద గిన్నెమూత బోర్లించి, సబ్బు చుక్క కలిపిన నీళ్ళతో గాడి వెంబడే తుడిచి, ఉత్త నీళ్ళతో కడిగి, నీడలో నిలబెట్టింది. పన్నెండేళ్ళు గడపలో నుంచుని నేర్చుకున్న చదువు. డాక్టరు తువ్వాలు పట్టుకుని పక్కన నుంచున్నాడు.

సాయంత్రం అక్క కీ ఇచ్చింది. మరదలు కొత్త సూది బిగించి, రెండు వేళ్ళ వెడల్పు వదిలి ఆనించింది. కాస్త గరగర, ఆ వెంటనే ఎక్కడో చరణం మధ్యలోంచి వాళ్ళమ్మ గొంతు. అక్క పెట్టె మీదకి వంగి కుడిచెవి ఆనించింది. తమ్ముడు పాట వినలేదు, ఆవిడ మొహమే చూస్తూ కూర్చున్నాడు.

పాట అయిపోయింది.

“వంటింట్లో కూడా అమ్మ అంతేరా. ఎప్పుడూ మధ్యనుంచే ఎత్తుకునేది. మొదలు నేనూ ఎరగను,” అంది.

ఆయన సూది ఎత్తబోయాడు. అక్క ఆ చెయ్యి పక్కకి తోసేసింది.

“నువ్వుండరా. అమ్మాయ్, నువ్వు పెట్టు ఇంకోసారి.”