చేతికిచ్చే తాంబూలం

మా ఊరి సాంస్కృతిక ప్రణాళికలో మొట్టమొదట రాసుకున్నది బీచ్ ఫెస్టివల్.

మా ఊరు ఉదయగిరికీ ఆత్మకూరుకూ నడుమ ఉంటుంది. సముద్రం చూడాలంటే రెండు బస్సులు మారాలి. ఎండాకాలం వస్తే ట్యాంకర్ కోసం బిందెలు వరస పెట్టే ఊరు. అలాంటి ఊళ్లో అలల మీద పడవ పందేలు జరుపుతామని మా పంచాయతీ సెక్రటరీ నీటుగా టైపు చేయించి నా ముందు పెట్టాడు.

"ఏంది నాయనా ఇది?" అన్నాను.

"మోడల్ మేడం. కోస్తా పక్క పంచాయతీది దొరికింది. ఊరి పేరు మార్చినాను, అంతే. మీ అన్నగారు కూడా చూసినారు. బాగుండాది, పంపించెయ్ అన్నారు."

పడవ పందేలకు నవ్వొచ్చింది గానీ, ఆ చివరి మాటకు ఒళ్లు మండింది. సర్పంచిని నేను. సీటు ఆడవాళ్లకు రిజర్వు అయినప్పుడు మా అన్నే నన్ను నిలబెట్టాడు, ఆయన మాట మీదే గెలిచాను. పుట్టిల్లూ మెట్టిల్లూ ఒకే ఊళ్లో కాబట్టి ఆయనకు అదీ సులువైంది. గెలిచిన రోజు నుంచి సర్పంచి కుర్చీలో ఆయన కూర్చునేవాడు. నేను పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, సెక్రటరీ వేలు పెట్టిన చోటల్లా సంతకం చేసేదాన్ని. మా చుట్టుపక్కల ఊళ్లలో ఆడ సర్పంచులున్న చోటల్లా ఇదే తంతు గనక ఎవరికీ వింతగా తోచలేదు.

జిల్లా నుంచి వచ్చిన కాగితం అడిగింది చాలా మామూలు సంగతి. ఊళ్లో ఏ పండగలు జరుగుతాయి, ఏ ఆటపాటలున్నాయి, అవి ఎవరి చేతుల్లో నిలబడి ఉన్నాయి, ముందు ముందు వాటికి ఏం చేయాలి అన్నది ఊరివాళ్లనే అడిగి రాయాలి. గ్రామసభలో చదివి, చేతులెత్తించి, తీర్మానం చేసి పంపాలి. ఆ మధ్యాహ్నం నేను బీచ్ ఫెస్టివల్‌ను నాలుగు ముక్కలు చేసి, "పద, వీధి వీధీ తిరిగి అడుగుదాం" అన్నాను. సెక్రటరీ ముఖం ఆముదం తాగినట్టయింది.

తిరిగిన కొద్దీ నాకు హుషారు వచ్చింది. కోలాటం ఆడే ఆడవాళ్లు మాకు ఒకే రంగు చీరలు కావాలన్నారు. చెక్కభజన నేర్పే పెద్దాయన నేర్చుకునేవాళ్లను తెచ్చివ్వమన్నాడు. పీర్ల చావిడి దగ్గర పైకప్పు కారుతోందని చూపించారు. బత్తాయి తోటలో కూలికి పోయే ఒకామె పొలం పాటలు వరసగా పాడుతుంటే సెక్రటరీ సెల్‌ఫోన్‌లో రికార్డు చేసుకున్నాడు. తనకు కూడా ఈ పని నచ్చుతున్నట్టే ఉంది.

ఆఖరున పలకల వాళ్ల కాలనీకి వెళ్లాం. పలక అంటే మా వైపు డప్పు. అది లేకుండా మా ఊరి తిరనాళ్లు లేవు. పలక మోగితేనే అమ్మవారు గుడి దాటుతుంది. అక్కడి వార్డు మెంబరు పాతికేళ్ల పిల్ల, కలిగిరిలో మందుల షాపులో పని చేస్తుంది. వాళ్ల నాయనే మా ఊరి పెద్ద పలకాయన. మేం పోయేసరికి ఆయన చిన్న మంట వేసి పలక కాస్తున్నాడు.

"మా పలక రాసుకోబాకండి మేడం," అంది ఆ పిల్ల. "ఈ ఏడు తిరనాళ్లకి మేము కొట్టడంలే."

"గమ్మునుండు మే," అన్నాడు తండ్రి తల ఎత్తకుండానే. "దాని మాటలు పట్టించుకోబాకమ్మా."

ఆ పిల్ల గమ్మునుండలేదు. తిరనాళ్లలో అమ్మవారు కదిలే ముందు మా పుట్టింటి తరఫున అందరికీ తాంబూలాలు ఇస్తారు. కోలాటం వాళ్లకు, భజన వాళ్లకు, పల్లకీ మోసేవాళ్లకు చేతికిస్తారు. పలకాయన మాత్రం భుజాన ఉన్న తువ్వాలు తీసి రెండు చేతుల మీదా పరుస్తాడు. పైనుంచి అందులో వేస్తారు. పోయిన ఏడు అరటిపండు తువ్వాలు అంచు మీద పడి బురదలోకి దొర్లిందట. ఆయన వంగి ఏరుకుంటుంటే చుట్టూ నవ్వారట.

"నా కూతురు పక్కనే ఉండాది మేడం. ఒకటో తరగతి చదవతా ఉండాది. ఇంటికొచ్చినాక, తాతకి చేతులు లేవా అమ్మా అని అడిగింది. నేనేం చెప్పాల?"

అది నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్న సంగతే. ఆ పసిదాని ప్రశ్న విన్నాక నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"మాకు స్టేజీ వద్దు, ఒకే రంగు చొక్కాలూ వద్దు. తాంబూలం చేతికియ్యండి. చేతికిస్తామని ఆ ప్లానులో రాయండి. రాస్తే కొడతాం."

అక్కడి నుంచి నేరుగా అన్న ఇంటికి వెళ్లాను. వదిన మజ్జిగ ఇచ్చింది. అన్న మొత్తం విని, నేను భయపడినట్టు కోప్పడలేదు సరికదా, నవ్వాడు.

"దానికేంది పాపా! చేతికే ఇస్తాంలే. నేనేమన్నా పాతకాలం మనిషినా? ఆ ముసలాయన్ని నేనెప్పుడన్నా ఒక మాట అన్నానా?"

నాకు యాభై ఏళ్లు వస్తున్నా ఆయనకు నేను పాపనే. గుండె మీద నుంచి బరువు దిగినట్టయి మజ్జిగ గటగటా తాగేశాను.

"అయితే రాయబాక," అన్నాడు.

"రాస్తే ఏమవతాది?"

"ఇస్తే మన మంచితనం. రాస్తే వాళ్ల హక్కు. రేపు నా చెయ్యి ఖాళీ లేకపోతే కేసు పెడతారు. తాత కాలం నుంచి తొలి తాంబూలం మన ఇంటిది. మిగతావాళ్లకి ఇచ్చేది మన చెయ్యి. ఎట్ట ఇయ్యాల్నో పంచాయతీ కాగితం మనకి చెప్తాదా?"

"పంచాయతీ అంటే నేనే కదన్నా."

ఆయన నవ్వు ఆగిపోయింది. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టుండాది నీ పని. నిన్ను నిలబెట్టింది ఇందుకా? సరే, గ్రామసభకి నేను వస్తా. ఆ మాట ఎట్ట చదివిస్తావో చూస్తా."

వదిన ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఇస్తామంటున్నాడు, రాయొద్దంటున్నాడు అని మర్నాడు ఆ పిల్లకు చెప్పాను. ఆ పిల్ల గొంతు పెంచకుండానే, "రాయకపోతే వచ్చే ఏడు మళ్లీ తువ్వాలే మేడం," అంది. నాకూ అది నిజమనే తోచింది. మా అన్న చెడ్డవాడు కాదు. కానీ ఆయన మంచితనం ఆయన వీలును బట్టి ఉంటుంది. అందుకే తాంబూలం సర్పంచే ఇవ్వాలని కూడా రాయించాను.

గ్రామసభ దాకా ఉన్న ఆ కొద్ది రోజులూ నాకు అన్నం దిగలేదు. మా బత్తాయి తోట కాయ తోలడానికి ప్రతిసారీ అన్న ట్రాక్టరే వచ్చేది, ఈసారి డ్రైవరుకు జ్వరమని కబురొచ్చింది. ఆ డ్రైవరు సాయంత్రం టీ బంకు దగ్గర నిక్షేపంగా కనబడ్డాడు. పలకరిస్తే ఆగి మాట్లాడేవాళ్లు చేతిలో పనున్నట్టు గబగబా నడిచిపోతున్నారు. సెక్రటరీ గోడ మీద పిల్లిలా రెండు కాపీలు ప్రింటు తీయించి పెట్టుకున్నాడు, ఒకటి ఆ మాట ఉన్నది, ఒకటి లేనిది. మా ఆయన ఊరి గొడవల్లో తల దూర్చే మనిషి కాదు. ఆయన కూడా భోజనం దగ్గర ఒక మాట అన్నాడు.

"నీ ఇష్టం. కానీ అన్నతో తెంచుకుంటే మళ్లీ అతకదు, చూసుకో."

అది బెదిరింపు కాదు. బెదిరింపైతే నాకు తేలికగా ఉండేది. అమ్మ పోయాక నాకు జడ వేసి బడికి పంపింది ఆ అన్నే. ఆయన ఇంటి గడప తొక్కలేని రోజు వస్తుందేమో అని భయమేసేది. ఇంకోవైపు ఆ పిల్ల కళ్లు గుర్తొచ్చేవి. మింగలేక కక్కలేక తిరిగాను.

గ్రామసభ రోజు పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. నేను వెళ్లేసరికే అన్న వచ్చి సర్పంచి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తెల్లచొక్కా, భుజాన కండువా. నాకు పక్కన ప్లాస్టిక్ కుర్చీ సిద్ధంగా ఉంది. కాలనీవాళ్లు షామియానా బయట ఎండలో నిలబడ్డారు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, వాళ్లూ రాలేదు. నేను వెళ్లి రమ్మన్నాక అంచులో కూర్చున్నారు.

సెక్రటరీ చదవడం మొదలుపెట్టాడు. కోలాటం చీరలు, చావిడి పైకప్పు, చెక్కభజన తరగతులు, పాటల రికార్డింగు. ఒక్కొక్కదానికీ జనం తలలూపుతున్నారు. తిరనాళ్ల దగ్గరకు వచ్చేసరికి అతని గొంతు తగ్గింది. ఆగి, నా వైపు కాదు, అన్న వైపు చూశాడు.

"తర్వాతది చదువు," అన్నాడు అన్న.

సెక్రటరీ పేజీ తిప్పబోయాడు. షామియానా అంచులో ఆ పిల్ల లేచి నిలబడింది. అందరూ ఆమెను చూశారు, తర్వాత నన్ను చూశారు. ఎప్పుడు లేచానో నాకే తెలియదు.

"అన్నా, కొంచెం లే. అది నా కుర్చీ."

ఆయనకు అర్థం కాలేదు. "ఏంది పాపా?"

"కూర్చోని చదవాల. కాళ్లు వణకతా ఉండాయి."

అది అబద్ధం కాదు. అన్న నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. ఆ చూపులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ ఉంది, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. లేచి, కండువా దులిపి భుజాన వేసుకుని, జనం మధ్య నుంచి నడిచి వెళ్లిపోయాడు. ఆయన వెనక మరికొందరు లేచారు. కుర్చీ ఇంకా వేడిగా ఉంది. అందులో కూర్చుని, సెక్రటరీ చేతిలో కాగితం తీసుకుని చదివాను.

"తిరనాళ్లలో తాంబూలం ఎవరికైనా చేతికే ఇవ్వాలి. పంచాయతీ తరఫున సర్పంచి ఇవ్వాలి. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. కాలనీవాళ్లు కూడా ఎత్తలేదు, ముందు ఊరు ఎత్తుతుందా లేదా అని చూస్తున్నారు. అన్నను పంపించి ఇది కూడా పోగొట్టుకున్నానా అని నాకు ఏడుపొచ్చినంత పనైంది. అప్పుడు కోలాటం ఆడవాళ్లలో ఒకామె, "మాకు చేతికిచ్చేటప్పుడు వాళ్లకేంది?" అని గట్టిగా గొణిగి చెయ్యి ఎత్తింది. ఆమె పక్కనామె ఎత్తింది. ఆ తర్వాత భజన పెద్దాయన. కాలనీవాళ్లు అందరికంటే ఆఖరున ఎత్తారు. తీర్మానం నెగ్గింది. సెక్రటరీ ఆ మాట లేని కాపీని మడిచి జేబులో పెట్టుకోవడం నేను చూశాను.

తిరనాళ్ల రోజు సాయంత్రం పలకలు వచ్చాయి. మా అన్న రాలేదు. తొలి తాంబూలం మా పుట్టింటి మగవాడు స్వయంగా వచ్చి తీసుకోవాలి. పూజారి దాన్ని అమ్మవారి పాదాల దగ్గరే ఉంచి, "అన్న వచ్చి తీసుకోవాలమ్మా. నువ్వు ముట్టుకోబాక," అన్నాడు. మిగతావి నేను పంచాను. కోలాటం, భజన, పల్లకీ అయ్యాయి. పలకాయన వంతు వచ్చింది.

తమలపాకులు, వక్క, పండు, కొబ్బరిచిప్ప కలిపి పట్టుకుని ముందుకు వంగాను. ఆయన భుజాన ఉన్న తువ్వాలు తీసి రెండు చేతుల మీదా పరిచాడు.

ఊరంతా చూస్తోంది. నేను వేయలేదు. ఆయన తువ్వాలు ఇంకొంచెం పైకెత్తాడు, నాకు అందలేదేమో అనుకుని. ఆయనకు తీర్మానం తెలియక కాదు, ఆ చేతులకు ఇంకో పద్ధతి తెలియదు. అంత పోట్లాడింది ఇందుకేనా అనిపించింది.

"నాయనా, చెయ్యి," అంటూ కూతురు ముందుకొచ్చి ఆ తువ్వాలు లాగేసుకుంది. ఉత్త అరచేతులు మిగిలాయి. వాటిలో తాంబూలం పెట్టాను. నా వేళ్లు ఆయన చేతికి తగిలాయి, కాయలు కాసిన గట్టి చెయ్యి. ఆయన తల వంచుకునే ఉన్నాడు.

అంతలో పల్లకీ లేచింది. పలక కొట్టాలి. ప్రతి ఏడూ తాంబూలాన్ని తువ్వాలులో మూటగట్టి నడుముకు చుట్టుకునేవాడు. ఇప్పుడు తువ్వాలు తీసుకుని కూతురు ఆడవాళ్లలో కలిసిపోయింది. ఆయన అటూ ఇటూ చూశాడు. దగ్గరున్నది నేనే.

"దీన్ని కాస్త పట్టుకోమ్మా. కొట్టాల."

పట్టుకుని ఊరేగింపులో నడిచాను. మొదట ఆగేది మా అన్న ఇంటి ముందే. అది కూడా తాత కాలం నుంచి ఉన్న పద్ధతే, దాన్ని ఎవరూ మార్చమనలేదు. తలుపు తెరుస్తాడో లేదో అని ఆ వీధి మలుపు నుంచీ నాకు దడగానే ఉంది. తెరిచే ఉంది. అన్న ఉతికిన బట్టల్లో మెట్ల మీద నిలబడి ఉన్నాడు. పలకలు ఆగాయి.

ఆయన నా ముఖం చూశాడు, తర్వాత నా చేతుల్లో ఉన్న తాంబూలం చూశాడు. ముఖం మెత్తబడింది.

"తెచ్చినావా పాపా," అంటూ చెయ్యి చాపాడు.

పాదాల దగ్గర ఉన్నది నేనే తెచ్చాననుకున్నాడు. ఆ గొంతులో కోపం పిసరంతైనా లేదు. గ్రామసభ రోజు నుంచి నేను వినాలని తపించిన గొంతు అది. ఆ చేతిలో పెట్టేసి ఏడవాలనిపించింది.

"ఇది మనది కాదన్నా," అన్నాను. "ఆయనది. పట్టుకోమన్నాడు."

పలకాయన పలకను భుజానికి తోసుకుని నా దగ్గరకు వచ్చాడు. మా అన్నను చూశాడు, చూపు దించలేదు.

"ఇట్టియ్యమ్మా," అని రెండు అరచేతులూ చాపాడు.

ఇచ్చాను. మా అన్న చెయ్యి ఇంకా చాపే ఉంది. వదిన లోపల నుంచి హారతి పళ్లెం తెచ్చి ఆ చేతిలో పెట్టింది.