చెల్లెలి ముఖానికి వేసిన రంగు

మా సంఘంలో ఆడవాళ్ళెవరైనా ప్రభువు దగ్గరికి వెళ్ళిపోతే, స్నానం చేయించి తెల్లచీర కట్టి, తల దువ్వి, ముఖానికి పౌడరు అద్దడం చాలాకాలంగా నా పని. ఎవరూ నియమించింది కాదు. మా అమ్మ చేసేది, నేను నీళ్ళ బిందె పట్టుకుని ఆమె వెనక నడిచాను, ఆమె తర్వాత నాకు వచ్చింది. నేను బడికి వెళ్ళలేదు. నాన్న అరుగు మీద కూర్చోబెట్టి, బైబిలు వాక్యాల మీద వేలు పెట్టించి అక్షరాలు నేర్పారు. తక్కినవన్నీ అమ్మ చేతులు చూసి నేర్చుకున్నవే. అలా నేర్పేవాళ్ళు ఇంట్లోనే దొరికినందుకు దేవునికి వందనాలు చెప్పుకుంటూనే ఉంటాను. ముఖం సంగతికి వస్తే మాత్రం సబ్బు, కొబ్బరినూనె, పౌడరు తప్ప నాకు ఇంకేమీ తెలియదు.

మొన్న వేసవిలో మా చెల్లెలు పోయింది. మొగల్తూరు దగ్గర మా ఊళ్ళోనే, నాకు రెండు ఇళ్ళ అవతల కాపురం. కిడ్నీలు పాడై రక్తం శుభ్రం చేయించుకోవడానికి భీమవరం తిరిగి తిరిగి మనిషి అరిగిపోయింది. చివరి ఏడాది ఒళ్ళంతా నల్లబడింది. కళ్ళ కింద, నోటి చుట్టూ బొగ్గు రాసినట్టు ఉండేది. చెల్లెలి భర్త, మా మరిది, కువైట్‌లో డ్రైవరు. కబురు అందగానే విమానం ఎక్కి, హైదరాబాదులో దిగి, కారులో వస్తున్నాడు. ఆయన వచ్చేదాకా ఉంచాలి కాబట్టి చెల్లెల్ని అద్దెకు తెచ్చిన ఐసుపెట్టెలో పెట్టారు.

నాకు ఏడుపు రాలేదు. అందరూ ఏడుస్తుంటే నేను పంచపాళీలో చెప్పులు వరసగా సర్దాను.

తెల్లవారాక చెల్లెలి కూతురు నన్ను లోపలి గదిలోకి పిలిచింది. రాజమండ్రిలో బ్యూటీ పార్లరులో పనిచేస్తుంది. పెళ్ళికూతుళ్ళని తయారుచెయ్యడంలో చెయ్యి తిరిగిన పిల్ల. మంచం మీద దాని మేకప్ పెట్టె తెరిచి ఉంది.

"పెద్దమ్మా, డాడీ అమ్మని ఇలా చూడకూడదు," అంది.

"ఇలా అంటే ఎలా తల్లీ?"

"ఇంత నల్లగా. జబ్బని తెలుసు గానీ, ఇంతలా అయిందని డాడీకి తెలీదు. ఇంటికొచ్చినప్పుడల్లా వీడియో కాల్ ముందు నేనే అమ్మకి మేకప్ వేసేదాన్ని. నేను లేనప్పుడు అమ్మే వేసుకునేది. ఆయన బెంగపడి ఉద్యోగం వదిలేసి వచ్చేస్తాడని భయం. ఆయనకి చెప్పొద్దని అమ్మ నన్ను ఎంత బతిమాలిందో నీకు తెలీదు."

"అయితే వెయ్యి."

పిల్ల ఒక సీసా మూత తీసి, మళ్ళీ పెట్టేసింది. "నా వల్ల కావట్లేదు. నువ్వు వెయ్యి, నేను చెప్తాను."

కారు తాడేపల్లిగూడెం దాటిందని ఫోను వచ్చింది. మగవాళ్ళు ఐసుపెట్టె మూత తీసి, చెల్లెల్ని చాప మీదికి దించి బయటికి వెళ్ళారు. చీర మార్చాం, జుట్టు దువ్వాను. పిల్ల సీసాలు వరసగా పెట్టుకుంటూ ఉండగానే నా చెయ్యి అలవాటుగా పౌడరు డబ్బా మీదికి పోయింది. బుగ్గల మీద అద్దాను. ఐసులోంచి వచ్చిన ముఖం, ఫ్రిజ్‌లోంచి తీసిన గ్లాసులా చెమర్చింది. పౌడరు తడిసి దోసెల పిండిలా ముద్దకట్టి, నల్లటి ముఖం మీద తెల్లటి చారలు దిగాయి.

"అయ్యో, పౌడరు చివర్న పెద్దమ్మా! అన్నిటికంటే చివర్న!"

"మాకు మొదలూ చివరా అదేనమ్మా," అన్నాను.

తుడిచేసరికి మళ్ళీ చెమర్చింది. మళ్ళీ తుడిచాం. ముఖం మామూలు వేడికి వచ్చేదాకా ఏదీ నిలవదంది పిల్ల. ఫ్యాను పెద్దది చేశాం. కరెంటు పోకుండా ఉన్నందుకు లోపల్లోపలే స్తోత్రం చెప్పుకున్నాను. బయట పాటలు సాగుతున్నాయి.

మా స్త్రీల సమాజంలో అందరికంటే పెద్దావిడ, మేమంతా మామ్మగారు అని పిలిచే ఆవిడ, తలుపు తోసుకుని వచ్చింది. సీసాలు చూసి ముక్కున వేలేసుకుంది.

"ఏంటండీ ఇది? ప్రభువు దగ్గరికెళ్ళే మనిషికి లిప్‌స్టిక్కా?"

"లిప్‌స్టిక్ కాదండి మామ్మగారూ, మాయిశ్చరైజరు," అంది పిల్ల.

"పేరేదైతే ఏంటమ్మా, సినిమావాళ్ళ సామానేగా."

"మరి పొద్దున్నే మీరు రాసుకొచ్చిన ఆ తెల్ల క్రీమేంటండి?" అన్నాను.

"అది ఎండకి! డాక్టరుగారు రాశారు."

"దాన్ని సన్‌స్క్రీన్ అంటారండి. అదీ ఈ సామాన్లోదే," అంది పిల్ల.

మామ్మగారు కొంగుతో బుగ్గలు తుడుచుకుని, విసనకర్ర అందుకుని మా చెల్లెలి ముఖానికి విసరడం మొదలుపెట్టింది. ఆవిడకి నేను ఇవాళ్టికీ కృతజ్ఞురాలిని.

ముఖం ఆరింది. ఇక పిల్ల చెప్పడం, నేను చెయ్యడం.

మాయిశ్చరైజరు అంటే చర్మానికి తడి అందించేదట. బతికున్న ఒంటి మీద అయితే దానంతట అదే కరుగుతుంది. ఇక్కడ కరగడం లేదు. అరచేతుల మధ్య రుద్ది, నా వేడి దానికి పట్టించి రాశాను. తర్వాతది ప్రైమరు. "గోడకి రంగు వేసేముందు లప్పం పట్టి నున్నగా చేస్తారు కదా, అలాంటిది," అంది. ఆ తర్వాత నారింజరంగు ముద్ద ఒకటి ఇచ్చింది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"ముఖానికి నారింజరంగేంటమ్మా?"

"నలుపు మీద నేరుగా ఒంటిరంగు వేస్తే బూడిదలా తేలుద్ది పెద్దమ్మా. నారింజ ఆ నలుపుని లాగేసుకుంటుంది. కలర్ కరెక్టర్ అంటారు. భయపడకు, పైకి కనపడదు."

కళ్ళ కింద, నోటి చుట్టూ అద్దాను. నా చెల్లెలు కాసేపు పగటివేషం కట్టిన మనిషిలా అయింది. మామ్మగారు కళ్ళు మూసుకుని ప్రార్థనలో పడింది. దాని మీద ఫౌండేషన్. పిల్ల దగ్గర రెండు రంగుల సీసాలు ఉంటే వాటిలో ఒకటి ఏరి ఇచ్చింది. "ఇది అమ్మ అసలు రంగు. జబ్బు రాకముందు అమ్మ మెడ దగ్గర పోల్చి కొన్నాను." ఫౌండేషన్ ముఖమంతటికీ, కన్సీలరు దాచాల్సిన చోటికి మాత్రమేనని చెప్పింది. దాచాల్సిన చోట్లు చాలానే ఉన్నాయి. చివరికి కాంపాక్ట్ పౌడరు, ఆ పైన సన్నటి తుంపరలా ఒక స్ప్రే. "ఇక చెదరదు," అంది.

నాకు ఆ పేర్లు ఆ పూట ఎంతో సాయం చేశాయి. ఒక పేరు అయితే ఇంకో పేరు, దాని వెనక ఇంకొకటి. ఏది ఎందుకో అడగడం, పిల్ల చెప్పినట్టు చెయ్యడం. చేతికింద ఉన్నది ఎవరి ముఖమో తలుచుకునే అవసరం రాలేదు. అన్నీ అయ్యాక చూస్తే, జబ్బు రాకముందు క్రిస్మస్ ఆరాధనకి బయల్దేరే మా చెల్లెలిలా ఉంది. తలుపు తీయగానే ఆడవాళ్ళు గొల్లుమన్నారు. నాకు మాత్రం పని బాగా కుదిరిందని అనిపించింది. అంతే. చేతుల మీద బైబిలు ఉంచి, కొంగు కప్పాను.

మా మరిది వచ్చాడు. కారు దిగి నేరుగా లోపలికి వచ్చి చాప పక్కన కూర్చున్నాడు. చాలాసేపు ముఖం వంకే చూశాడు. నా వెనక పిల్ల ఊపిరి బిగబట్టి ఉంది. ఆయన తల ఊపి, "అలాగే ఉంది," అన్నాడు. పిల్ల ఊపిరి వదలడం నాకు వినిపించింది.

అప్పుడాయన చెయ్యి పట్టుకోవాలని కొంగు తీశాడు.

చేతుల సంగతి మాకు తట్టలేదు. ఫోనులో ముఖమే కనిపించేది కాబట్టి పిల్ల ఎప్పుడూ ముఖానికే వేసేది, నాకూ ముఖం వరకే చెప్పింది. సూదులు గుచ్చి గుచ్చి తాడులా ఉబ్బిన నరాలతో, కాలిన కట్టెల్లా ఉన్నాయి ఆ చేతులు. ఆయన ఒకసారి చెయ్యి చూశాడు, ఒకసారి ముఖం చూశాడు.

"వదినగారూ, చేతులు ఇంత నల్లగా ఉన్నాయేంటండి?"

నేను కొంగు మళ్ళీ కప్పబోతే ఆయన ఆపాడు.

"ముఖం కూడా ఇలాగే ఉందా?"

"ఏడాది నుంచి, డాడీ," అంది పిల్ల. "చెప్పొద్దంది."

ఆయన కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. "నాకు చూపించండి," అన్నాడు.

నేను పిల్ల వంక చూశాను. అది తలవంచుకుని పెట్టెలోంచి ఇంకో సీసా, దూది తీసి నా చేతిలో పెట్టింది. "నీళ్ళతో పోదు పెద్దమ్మా. ఇది రిమూవరు. రుద్దకు, కాసేపు అదిమిపెట్టి తియ్యి."

అదిమిపెట్టి తీశాను. ముందు ఒంటిరంగు వచ్చింది, తర్వాత నారింజ, ఆ తర్వాత దూదికి ఏమీ అంటలేదు. నలుపు బయటపడింది. ఆయన చూపు తిప్పుకోలేదు. చెవి పక్కన కొంచెం మిగిలిపోతే వేలితో చూపించి, "ఇక్కడ ఉండిపోయిందండి," అన్నాడు. అదీ తీశాను.

ఆయన ఆ ముఖానికి దగ్గరగా వంగాడు. "ఏంటే, నాకు చెప్పొద్దా?" అన్నాడు, పక్కగదిలో ఉన్న మనిషితో అన్నట్టు మామూలుగా. మళ్ళీ అదే మాట అన్నాడు. పిల్ల వెళ్ళి ఆయన భుజానికి ఆనుకుని కూర్చుంది.

పాస్టరుగారు గుమ్మంలోంచి తొంగిచూసి, శవపెట్టె సిద్ధంగా ఉందన్నారు. ఇంకో కీర్తన పాడించమని అడిగాను. ఆయన వెనక్కి వెళ్ళి పాడించారు, అది అయ్యాక అడక్కుండానే మరొకటి. నేను దూదిముక్కలు గుప్పిట్లో పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆ వేళ దేవునికి దేని గురించి వందనాలు చెప్పానో గుర్తులేదు. చెప్పానని మాత్రం గుర్తుంది.